పరరాజ్యముల ప్రచారము – మన తూనికరాళ్లు

కాజీపేటనుండి బల్లార్షాకు పోవు రైలుమార్గమున, మహారాష్ట్రపు పొలిమేర యింక కొంత దూరమున నుండగా, సిర్పూరు కాగజ్‌నగర్ అను స్టేషను వచ్చును. ఊరిపేరులోనే కాగితమున్నది. పూర్వము కొత్తపేట యని పిలువబడిన యీ పల్లె, 1938లో నిజాం ప్రభుత్వపు ప్రాపున కాగితపుమిల్లు స్థాపింపబడిన పిమ్మట ఉర్దూమాటతో కొత్తపేరు దాల్చెను. 1942లో మిల్లునుండి కాగితము వెలువడ నారంభించెను. ఆదిలాబాదు అడవుల వెదురు గుజ్జుగా ఉడికి, కాగితమై, బండిళ్లుగా కట్టబడి రైలెక్కసాగెను.

ఆ సంవత్సరమును చదువరులు గమనింతురు గాక. 1942 ఏప్రిలులో విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను బాంబులు పడెను. సముద్రము దాటి వచ్చు కాగితము అరుదయ్యెను. ఉన్న కాగితమును ఎవరికెంత యీయవలయునో దొరతనమువారు నిర్ణయించు దినములవి. ఒకవంక బ్రిటిషువారి కరపత్రములు, మరియొకవంక బెర్లినునుండియు, తరువాత ఆగ్నేయాసియానుండియు రేడియోలో సుభాషచంద్రుని పిలుపులు. గూడెములోని గోండుకును, బజారులోని కోమటికిని ఆ యుద్ధముతో ప్రత్యక్ష ప్రసక్తి లేకపోయినను, దానికి సంబంధించిన మాటలు మాత్రము వారి చెవులకు సోకకుండ పోలేదు.

నేడును అట్లే యున్నది. 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తిన నాటినుండియు, అమెరికా చీనాల పోటీ ముదిరిన నాటినుండియు, కాగజ్‌నగరు టీకొట్టులో కూర్చుండిన సామాన్యుని చేతి ఫోనులోనికి మూడు రాజధానుల వాదములు తెలుగు తొడుగు తొడిగికొని వచ్చుచున్నవి. ఎవరిమాట నమ్మవలయును? ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేండ్లకు పైగా ఈ తెలుగుసీమ పరరాజ్యముల ప్రచారమునకు అంగడియై యున్నది. ఆ అంగటి పాతలెక్కలను ఒకమారు తిరుగవేసిన మేలని మాకు తోచినది.

మొదటిలెక్క 1914 నాటిది. ఆ యేటి నవంబరులో తురుష్క సుల్తాను ఖలీఫా హోదాతో ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యాలపై జిహాదు ప్రకటించెను. దాని వెనుక జర్మనీ ప్రోద్బలమున్న మాట ప్రసిద్ధమే. భారతదేశపు ముస్లిములు చలింతురేమో యని బ్రిటిషువారు భయపడిరి. అప్పుడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను, ముస్లిములందరును బ్రిటిషు ప్రభుత్వమునకు విధేయులై యుండవలయునని ప్రకటన గావించెను. దానికి ప్రతిఫలముగా 1918లో ‘విశ్వాసపాత్రుడగు మిత్రుడు’ అను బిరుదు లభించెను. ఆయన సొమ్ముతో విమానములను కొన్న బ్రిటిషు వాయుదళపు పటాలమునకు హైదరాబాదు పేరుపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధమునను ఇంకొక పటాలము ఆ పేరు ధరించెను. ఆ సొమ్మెవరిది? కరీంనగరు, ఆదిలాబాదు, నల్లగొండ రైతులు కట్టిన శిస్తు కాదా? ఆ విమానము ఏ ఆకాశమున నెగిరెనో శిస్తు కట్టినవానికి తెలియదు. తెలుపవలయునని యెవ్వరికిని తోచలేదు.

ఇక వామపక్షమువారి లెక్క. 1939లో యుద్ధము మొదలైనప్పుడు అది సామ్రాజ్యవాదుల కలహమని కమ్యూనిస్టులు నిరసించిరి. 1941 జూన్ 22న హిట్లరు సోవియట్ దేశముపై బడెను. ఆ సంవత్సరాంతమునకు అదే యుద్ధము వారి నోట ‘ప్రజాయుద్ధ’ మయ్యెను. 1942 జులైలో పార్టీపై నిషేధము తొలగెను; మరుమాసముననే గాంధీజీయు, కాంగ్రెసు నాయకులును చెరసాల పాలైరి. యుద్ధము మారలేదు, తెలుగుదేశపు పరిస్థితి మారలేదు. మారినది మాస్కో పరిస్థితి. దీనిని మేము దాచ నక్కరలేదు. ఐనను తక్కెడకు రెండుసిబ్బెలు గలవు. అదే కాలమున యుద్ధమునకు తోడ్పడుటకై ఎం. ఎన్. రాయ్ పక్షమువారి కార్మికసమాఖ్యకు బ్రిటిషు ప్రభుత్వము నెలకు 13,000 రూపాయలు చెల్లించుచుండెను. ఒకరు పరదేశపు మాటకై తిరిగిరి, మరొకరు పరదొరతనపు పైకమును గైకొనిరి. రెండవదానిని మాత్రము పెక్కుమంది మరచిరి.

ఇచ్చట మా పాఠకులలో భూవసతి గలవారికి ఒకింత కటువుగా దోచు మాట చెప్పవలసియున్నది. 1946నుండి 1951వరకు తెలంగాణమున సాగిన సాయుధపోరాటమును ‘మాస్కో కుట్ర’ యని ఒక్క మాటతో కొట్టివేయుట ఆనాడును వాడుక, నేడును వాడుకయే. వెట్టి మాస్కోనుండి దిగుమతి కాలేదు. దొరగడీ ముందు చెప్పులు చేతబట్టి నడచుట, నాగులప్పు, అక్రమపు బేదఖళ్లు – ఇవన్నియు ఈ నేలలోనే మొలచి, ఈ నేలలోనే ముదిరినవి. 1948 మార్చిలో కరీంనగరు సీమలో అనభేరి ప్రభాకరరావును, ఆయన అనుచరులును నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగినప్పుడు వారి చేతిలో నున్నది రష్యా రూబులు కాదు. తండ్రితాతలనాటి పటేలు పట్వారీ దఫ్తరములను తగులబెట్టుటయే వారు జనులకు చూపిన మార్గము. గాయము లేనిచోట ఏ పరరాజ్యపు ప్రచారమును పుండు పుట్టింపజాలదు. ఉన్న గాయమున వ్రేలుపెట్టి కెలుకగలదు, అంతియే.

కాని పోరాటపు చివరి అంకమున పరరాజ్యపు పాత్ర నిజముగనే యున్నది. అది తెలిసికొనదగిన కథ. 1951 ఆరంభమున చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, ఎస్. ఏ. డాంగే అను నలుగురు రహస్యముగా మాస్కో చేరి, ఫిబ్రవరిలో స్టాలినును కలిసికొనిరి. చైనా మార్గమున సాయుధ విప్లవము సాగించుటయా, మానుటయా యను వివాదము పార్టీని చీల్చుచుండెను. స్టాలిను ఇచ్చిన సలహాసారము ఏమనగా: చైనా విప్లవమునకు వెనుకదన్నుగా పొరుగున సోవియట్ దేశముండెను, మీకట్టి ఆనుకొను గోడ లేదు, పల్లెలలో గెరిల్లా పోరొక్కటే విజయమును తేజాలదు. ఆ యేటి అక్టోబరులో పోరాటము విరమింపబడెను. చదువరులు దీనిని రెండువిధముల జూడవచ్చును. మన రైతుల చావుబ్రతుకుల ప్రశ్నకు జవాబు వెదకుటకు వేలమైళ్లు పోవలసివచ్చెనే యని చింతింపవచ్చును. పోయినచోట ‘కాల్చుడు’ అని గాక ‘మానుడు’ అని చెప్పిరే యని ఆశ్చర్యపడవచ్చును. మాకు రెండును కలుగుచున్నవి.

1955 నాటి ఉదంతము ఇంకను విచిత్రమైనది. అప్పటికి కరీంనగరు, ఆదిలాబాదులు హైదరాబాదు రాష్ట్రములోనే యుండెను. ఎన్నికలు జరిగినది 1953లో నేర్పడిన ఆంధ్రరాష్ట్రమున. ఫిబ్రవరిలో శాసనసభకు మధ్యంతర ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలిచి ప్రభుత్వము స్థాపింతురని వారికి గట్టి నమ్మకము. తక్కినవారికి గట్టి భయము. కాంగ్రెసు, ప్రజాపార్టీ, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ ఐక్యసంఘటనగా కూడిరి. పెద్ద తెలుగు దినపత్రికలు పెక్కు కమ్యూనిస్టులపై ఖడ్గమెత్తెను. సరిగా ఆ సమయమున, జనవరి 26న, మాస్కో ‘ప్రావ్దా’ పత్రిక నెహ్రూగారి విదేశాంగనీతిని కొనియాడుచు సంపాదకీయము ప్రకటించెను! కాంగ్రెసువారికి ఇంతకంటె కావలసిన దేమి? దానిని అచ్చొత్తించి ఊరూర పంచిరి. మీ గురువులే మా నాయకుని మెచ్చుకొనుచుండగా మీరు తిట్టుటేమి యని సభలలో అడిగిరి. గోడలపై సుత్తికొడవలి వ్రాసిన యువకునికి జవాబు తోచలేదు.

ఫలితములలో 196 స్థానములకుగాను ఐక్యసంఘటనకు 146, కమ్యూనిస్టులకు 15 వచ్చెను. ‘ప్రావ్దా’ దెబ్బ యని ఇరుపక్షములును చెప్పుకొనిరి, నేటికిని చెప్పుకొందురు. మేము మాత్రము ఆ సంఖ్యను మరల తూచవలయునందుము. ఓడినవారికి నూటికి 31 ఓట్లు వచ్చెను. అనగా మూడింట ఒకవంతునకు కొంచెము తక్కువ. అంతకుముందటి ఎన్నికలలో ఎదిరిపక్షములు చీలియుండుటచే తక్కువ ఓట్లతో ఎక్కువ స్థానములు దక్కినవి. ఈసారి ఎదిరిపక్షము లేకమైనవి. ఒక మాస్కో పత్రికలోని వ్యాసము ఆంధ్రరైతు మనస్సును త్రిప్పెననుటకంటె, పొత్తుల కూడికలు ఫలితమును త్రిప్పెననుట న్యాయము. ప్రచారము చేయువారు తమ శక్తిని పెంచి చెప్పుకొందురు. ఓడినవారు దానిని ఇంకను పెంచి చెప్పుదురు.

ఐతే ఆ సంపాదకీయమునుండి నేర్చుకొనవలసిన దొకటి గలదు. మాస్కోకు ఢిల్లీ స్నేహము కావలసి వచ్చినప్పుడు బెజవాడ శిష్యుల గెలుపోటములు దానికి లెక్కలోనికి రాలేదు. ఆ యేటి జూన్‌లో నెహ్రూగారు రష్యాకు పోయిరి. నవంబరులో బుల్గానిన్, క్రుశ్చేవ్‌లు మన దేశమునకు వచ్చిరి. పెద్దరాజ్యములకు శిష్యులుందురు గాని, శిష్యులకు పెద్దరాజ్యములుండవు.

ఇక పుస్తకముల మాట. 1950ల నుండి 1991వరకు తెలుగు చదువరికి లభించిన చవుక పుస్తకములలో మాస్కో పుస్తకములను మించినవి లేవు. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయము, తరువాతి రాదుగ, తెలుగువారినే అచ్చటికి రప్పించి అనువాదములు చేయించినవి. ఉప్పల లక్ష్మణరావుగారు, ఆర్వియార్ మున్నగువారి చేతిమీదుగా టాల్‌స్టాయి, చేహోవ్, గోర్కీ మన ఇండ్లకు వచ్చిరి. విశాలాంధ్రవారి దుకాణములందును, జాతరలలో నిలిచిన పుస్తకాల వ్యానులందును కొద్ది రూపాయలకే గట్టి అట్టల పుస్తకము దొరకెడిది. ‘సోవియట్ భూమి’ పత్రిక సంగతి చెప్పనేల? దాని నున్నని రంగుల పుటలతో బడిపిల్లలు వాచకములకు అట్టలు వేసికొనిరి. ట్రాక్టరు నడుపు నవ్వుమొగపు రష్యా వనిత ఎన్ని తెలుగు లెక్కలపుస్తకములను కాపాడెనో! లోపలి వ్యాసములను చదివినవారు ఎందరో మాకు సందేహము.

అంత మంచి కాగితము, అంత మంచి అచ్చు, అంత తక్కువ వెల. మిగిలిన ఖర్చు ఎవరు భరించిరి? సోవియట్ పౌరుడు భరించెను. కొన్నవానికి ఇది మోసమా? కాదందుము. చేహోవ్ కథ చేహోవ్ కథయే. పెరెల్మాను భౌతికశాస్త్రము చదివి విజ్ఞానశాస్త్రమున ఆసక్తి గొన్న పిల్లలు ఏ పార్టీలోనికిని పోనక్కరలేదు. చూడవలసినది ఆ అలమారులో ఏమి లేదు అనునది. ‘డాక్టర్ జివాగో’ లేదు. సోల్జెనిత్సిన్ చెరసాలల చరిత్ర లేదు. పాస్టర్నాకుకు 1958లో నోబెలు బహుమతి ప్రకటింపగా, ఆయనచేతనే దానిని తిరస్కరింపజేసిరి. ఆ నవల ఆయన స్వదేశమున 1988వరకు అచ్చు కాలేదు. అదే నవలను రష్యాభాషలో రహస్యముగా అచ్చొత్తించి 1958లో బ్రస్సెల్సు ప్రదర్శనమున రష్యనులకు పంచినదెవరు? అమెరికా గూఢచారి శాఖ. 2014లో ఆ కాగితములు బయల్పడెను. ఒకరు దాచిన మంచిపుస్తకమును మరొకరు తమ పనికై పంచిరి. పంచినవాని ఉద్దేశము చెడ్డదని పుస్తకము చెడ్డది కాలేదు. పుస్తకము మంచిదని పంచినవాడు మంచివాడును కాలేదు.

అమెరికావారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ‘అమెరికన్ రిపోర్టర్’, ‘స్పాన్’ పత్రికలు, నగరములలో చల్లని గ్రంథాలయములు, ఫోర్డు ధర్మసంస్థ తోడ్పాటుతో మద్రాసున వెలసిన దక్షిణభాషా పుస్తకసంస్థ, 1964లో హైదరాబాదున అమెరికా విషయాధ్యయన కేంద్రము – ఇవన్నియు ఆ పోటీలోనివే. దక్షిణభాషా పుస్తకసంస్థ చలువచే తెలుగులో కొన్ని మంచి పుస్తకములు వెలువడినవి, కాదనము.

కాని అమెరికావారి గొప్ప ప్రచారము అక్షరము గాదు, గోధుమ. 1954లో వారి శాసనసభ చేసిన 480వ పబ్లికు చట్టము క్రింద, 1956 ఆగస్టులో మనకును వారికిని ఒడంబడిక కుదిరెను. డాలర్లకు బదులు రూపాయలలో వెల చెల్లింపవచ్చును. ఆ రూపాయలు అమెరికావారి పేరనే ఇచ్చట పేరుకొనెను. 1965, 66 సంవత్సరములలో వానలు తప్పి కరవు కమ్మినప్పుడు అధ్యక్షుడు జాన్సను ఓడలను ఒక్కొక్క నెలకే తూచి విడువసాగెను. మన ప్రభుత్వము వియత్నాముపై బాంబులు వేయుటను తప్పుపట్టుట ఆయనకు గిట్టలేదు. రేషను దుకాణము ముందు సంచితో నిలిచిన కాగజ్‌నగరు కూలికి వియత్నా మెక్కడనో తెలియకపోవచ్చును. అతని సంచి మాత్రము ఆ సంగతితో ముడివడియుండెను. పసిడిపంటకు కొత్త వరి, గోధుమ వంగడములను వెదకవలసిన తొందర మన ప్రభుత్వమునకు అంతగా పుట్టుటకు ఆ అవమానమును ఒక కారణము.

1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహాను 1,664 కోట్ల రూపాయల చెక్కును మన ప్రభుత్వమునకు తిరిగి యిచ్చి ఆ లెక్కను చాలవరకు ముగించెను. ఆ రూపాయలతోనే 1962నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు తెలుగు పుస్తకములను గూడ కొని తమ దేశపు విశ్వవిద్యాలయములకు పంపిరి. మన గ్రంథాలయములలో చెదలు తిన్నవి కొన్ని నేడచ్చట భద్రముగా నున్నవి.

మన రైతులు ఆ గోధుమపై వేయు నింద యొకటి కలదు. వయ్యారిభామ యను కలుపు అమెరికా గోధుమలతో వచ్చెనని పొలములెల్ల అనుకొందురు. 480వ చట్టపు ఒడంబడిక 1956 ఆగస్టుది. ఆ కలుపు పూనా చెంత 1955లోనే గుర్తింపబడెను. అంతకుముందు వచ్చిన ధాన్యముతో చేరెనేమో. ఆ చట్టముమీద మాత్రము ఈ నింద అతుకదు. ఇది చిన్నసంగతియే, ఐనను తేదీలు సరిచూడక నమ్ముట మనకెంత సులభమో చూపుచున్నది.

రహస్యధనము సంగతి వేరు. ‘సాంస్కృతిక స్వాతంత్ర్య కాంగ్రెసు’ అను అంతర్జాతీయసంస్థకు మన దేశమున శాఖ యుండెను, పత్రిక యుండెను, గౌరవనీయులగు రచయితలుండిరి. దానికి సొమ్ము అమెరికా గూఢచారి శాఖనుండి వచ్చెనని 1966, 67లలో బయల్పడెను. వ్రాసినవారిలో పెక్కుమందికి ఆ సంగతి తెలియదు. కేరళలోను, బెంగాలులోను కమ్యూనిస్టులను ఓడించుటకై తమ గూఢచారి శాఖ రెండుమారులు కాంగ్రెసు పార్టీకి ధనమిచ్చెనని పై మొయినిహానే 1978లో తన గ్రంథమున వ్రాసెను. ఇటుచూడగా, సోవియట్ గూఢచారులు మన పత్రికలలో వేలకొలది వ్యాసములు వేయించిరని మిత్రోఖిన్ అనువాని కాగితములను బట్టి 2005లో గ్రంథము వెలువడెను. ఆ కాగితములు అతడు చేతితో ఎత్తి వ్రాసికొన్నవి; మూలపత్రములను బయటివా రెవరును చూడలేదు. కనుక వానిని సాక్ష్యముగా గైకొందుము, తీర్పుగా గైకొనము. ఒక ఉదాహరణము మాత్రము నిస్సందేహము: ఎయిడ్సు వ్యాధిని అమెరికా సైన్యమే ప్రయోగశాలలో పుట్టించెనను పేరులేని లేఖ 1983 జులైలో ఢిల్లీ ‘పేట్రియాట్’ పత్రికలో పడి, అచ్చటినుండి రష్యా పత్రికల కెక్కి, లోకమంతయు తిరిగెను. ఢిల్లీలో అచ్చగుటచే అది ‘భారతదేశపు వార్త’ యయ్యెను! మన పత్రిక వారికి తెల్లకాగితము గాదు, ముద్రవేసిన స్టాంపుకాగితము.

నేటి కాలమున అపవాదమే ప్రచారమగుచున్నది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు పొదుపు విభాగము, భారతదేశమున ఓటర్ల సంఖ్య పెంచుటకై 2 కోట్ల 10 లక్షల డాలర్లు కేటాయించిరనియు, దానిని రద్దు చేసితిమనియు ప్రకటించెను. వెంటనే ఒక పక్షము మరొక పక్షమును దేశద్రోహులనెను. వారము తిరుగకముందే ఆ సొమ్ము బంగ్లాదేశమునకు ఉద్దేశింపబడినదని ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ లెక్కలతో వెల్లడించెను. అప్పటికి తిట్టవలసినవారు తిట్టియే యుండిరి. విదేశపు సొమ్ము వచ్చెనను వార్తయే విదేశమునుండి వచ్చెను గదా. దానిని ఎవరును శంకింపలేదు.

ఐనచో ఏ రాళ్లతో తూచవలయును? మాకు తోచినంతలో, వెల తక్కువైనచోట మిగిలిన వెల ఎవరు కట్టిరని అడుగుట మొదటిది. చెప్పినదానికంటె చెప్పనిదానిని వెదకుట అంతకంటె కష్టమైనది, అంతకంటె ఫలవంతమైనది. తేదీ చూచుట అన్నిటికంటె సులువు. దానినే మనము మానుచున్నాము. ‘విదేశీ హస్తము’ అని ఎవరైన కేకవేసినప్పుడు, ఆ చేయి తాకిన చోట మన గాయ మేదైన నున్నదా యని చూచుకొనుట మాత్రము భూస్వామికిని, వర్తకునికిని, ప్రభుత్వమునకును సమానముగా రుచింపని పని.

మమ్మును మేము ఈ తూనికనుండి తప్పించుకొనజాలము. మన దినపత్రికలు చిరకాలము పరదేశపు కాగితముమీదనే బ్రతికినవి. పత్రికలకు వలయు కాగితము చేయు కార్ఖానా నేపానగరమున 1956లో గాని నెహ్రూగారి చేతిమీదుగా ఆరంభము కాలేదు. ఆ తరువాతను కెనడానుండియు, సోవియట్ దేశమునుండియు దిగుమతి సాగుచునే యుండెను. ఎవరికెన్ని టన్నులో నిర్ణయించు కలము ఢిల్లీ ప్రభుత్వము చేతిలో నుండెను. రాయబార కార్యాలయములు ఉచితముగా పంపిన వ్యాసములును, ఛాయాచిత్రములును పుట నిండనినాడు ఎన్ని పత్రికలకు ఆదుకొన్నవో సంపాదకులకే తెలియును. కాగజ్‌నగరు మిల్లు 2014లో మూతపడి, కార్మికులు నాలుగేండ్లు వీథిన బడి, 2018లో జె. కె. పేపరు సంస్థ చేతికి వచ్చిన పిమ్మట మరల ప్రాణము పోసికొనెను. ఆ నాలుగేండ్లలో ఆ కార్మికుల గోడు ఎన్నిమారులు మొదటిపుట కెక్కెనో, అదే నాలుగేండ్లలో వాషింగ్టను, మాస్కో, బీజింగుల వార్తలు ఎన్నిమారు లెక్కెనో మన పాతసంచికలను తిరుగవేసి లెక్కింపవచ్చును. లెక్కించుటకు మేము సిద్ధముగా నున్నాము.